ప్రవాసులలో పంక్తిభేదము

తెలుగున ‘ప్రవాసి’ యను మాటకు విశాలమైన మనస్సు కలదు. ఇల్లు విడిచి అన్యదేశమున బ్రతుకువాడెవ్వడైనను ప్రవాసియే. సింగపూరులోని బ్యాంకు కార్యాలయమున కంప్యూటరు ముందు కూర్చుండువాడు ప్రవాసియే. ఆ కార్యాలయమునకు పునాది త్రవ్వి, ఇనుప చువ్వలు కట్టి, అంతస్తు మీద అంతస్తు లేపినవాడును ప్రవాసియే. ఆంగ్లమున అట్లు కాదు. మొదటివానిని ‘ఎక్స్‌పాట్రియేట్’ అందురు. రెండవవానిని ‘మైగ్రెంట్ వర్కర్’ అందురు. నిఘంటువులు చూచినచో ఈ రెండు మాటల అర్థములలో ఇంత దూరమున్నట్లు తోచదు. ఆ దూరమెంతయో కోవిడ్ మహమ్మారి వచ్చిన 2020వ సంవత్సరమున అంకెలతో సహా తేలినది.

ఆ సంవత్సరము ఏప్రిల్ మొదలు సింగపూరు ఆరోగ్యశాఖ ప్రతిదినము వెలువరించిన ప్రకటనలను చదివినవారికి ఒక విశేషము కనుపించును. ఆనాడు సోకిన రోగుల సంఖ్య ఒకే పద్దుగా నుండదు. విదేశముల నుండి రోగముతో దిగినవారు ఒక పద్దు. ‘సమాజము’నందు రోగము సోకినవారు ఒక పద్దు. డార్మిటరీలలో నున్నవారు వేరొక పద్దు. డార్మిటరీ యనగా భవన నిర్మాణము, ఓడల మరమ్మతు మొదలగు పనులకై వచ్చిన విదేశీ కూలీలు నివసించు వసతిగృహము. ఏప్రిల్ 20వ తేదీన సింగపూరులో క్రొత్తగా 1,426 మందికి రోగము సోకినట్లు ప్రకటించినారు. అందు మిక్కిలి కొద్దిమంది తప్ప తక్కినవారెల్ల కూలీలే. కాని ‘సమాజము’ పద్దు చూచుకొన్నవానికి ఆనాడు భయపడవలసిన పని కనుపింపలేదు.

వైద్యశాస్త్రరీత్యా ఈ విభజనకు కారణము లేకపోలేదు. ఇరుకు గదులలో రోగము వ్యాపించు తీరు వేరు, ఊరిలో వ్యాపించు తీరు వేరు. అరికట్టు ఉపాయములును వేరు. లెక్కలు వేరుగా చూచుట అవసరమే. కాని లెక్కల పుస్తకములోని మాట వీధిలోనికి వచ్చినప్పుడు దాని అర్థము మారును. పది సంవత్సరములు ఆ ఊరి మేడలు కట్టినవాడు ఆ ఊరి సమాజములోనివాడు కాడని ప్రతి సాయంకాలము వినుటకు జనులు అలవాటుపడినారు. వింతగా తోచవలసిన మాట నెలరోజులలో మామూలు మాట యైపోయినది.

సింగపూరులో మొదటి రోగి 2020 జనవరి 23వ తేదీన కనుపించినాడు. అతడు చైనాలోని ఊహాన్ నగరము నుండి వచ్చినవాడు. ఫిబ్రవరి, మార్చి మాసములలో ఆ దేశము రోగమును అదుపులో నుంచిన తీరును ప్రపంచమంతయు మెచ్చుకొన్నది. రోగి యెవ్వరిని కలిసినాడో, ఏ దుకాణమున భోజనము చేసినాడో గంటల లెక్కన వెదకి పట్టుకొనుచుండిరి. అంత నిశితమైన చూపునకు డార్మిటరీలు మాత్రము ఆనలేదు. కూలీల క్షేమమునకై పనిచేయు ‘ట్రాన్సియెంట్ వర్కర్స్ కౌంట్ టూ’ అను సంఘము మార్చి 23వ తేదీననే పత్రికకు లేఖ వ్రాసి, ఒక్కొక్క గదిలో పండ్రెండు మొదలు ఇరువది మంది వరకు అంతస్తుల మంచములపై పరుండుచుండగా ఎడము పాటించుట యెట్లని హెచ్చరించినది. రెండు వారములు తిరుగకముందే, ఏప్రిల్ 5వ తేదీన, పుంగోల్‌లోని ఎస్11 డార్మిటరీని, వెస్ట్‌లైట్ తో గువాన్ డార్మిటరీని ప్రభుత్వము దిగ్బంధము చేసినది. ఆ రెంటిలో కలిసి సుమారు ఇరువదివేల మంది ఉండిరి. ఏప్రిల్ 7వ తేదీ నుండి జూన్ 1వ తేదీ వరకు దేశమంతట ‘సర్క్యూట్ బ్రేకర్’ అను పేర లాక్‌డౌన్ నడచినది.

ఆ ఎనిమిది వారములు ప్రవాసులు ఇరుతెగలుగా ఎట్లు గడపినారో పోల్చి చూడవలసి యున్నది. కండోమినియములలో కాపురమున్న విదేశీ ఉద్యోగులకును కష్టములు లేకపోలేదు. బడులు మూతపడినవి, పిల్లలు తెరల ముందు కూర్చుండిరి, ఈతకొలనులు, వ్యాయామశాలలు మూసివేసినారు, స్వదేశమునకు పోవలెనన్న విమానములు లేవు, పోయినచో మరల రానిత్తురో లేదో తెలియదు. వారి పలుకులలో విసుగు కలదు, ఒంటరితనము కలదు, ఇంటి మీది బెంగ కలదు. ఇవన్నియు నిజమైన బాధలే. కాని ఆ విసుగు ఒక స్వతంత్రుని విసుగు. తనకొక తలుపు కలదు, ఆ తలుపు కొంతకాలము మూయబడినదని విసుగుకొనువాని మాట అది. డార్మిటరీలోని వానికి మూయుటకు తనదైన తలుపు లేదు.

అతని భయమును తెలిసికొనవలెనన్న అతడు వచ్చిన దారిని చూడవలెను. ఈ ఇద్దరికిని అనుమతి పత్రమిచ్చునది ఒకే మంత్రిత్వశాఖ. ఉద్యోగికి ఇచ్చునది ‘ఎంప్లాయ్‌మెంట్ పాస్’; కూలీకి ఇచ్చునది ‘వర్క్ పర్మిట్’. మొదటిదానిపై వచ్చినవాడు తగిన జీతమున్నచో భార్యాబిడ్డలను తెచ్చుకొనవచ్చును. రెండవదానిపై వచ్చినవానికి ఆ వీలు లేదు. అతడు అచ్చటి పౌరురాలిని పెండ్లాడవలెనన్నను మంత్రిత్వశాఖ అనుమతి కావలెను. మలేషియావారిని మినహాయించి, అట్టి కూలీ ఒక్కొక్కనికి యజమాని 5,000 సింగపూరు డాలర్ల హామీ చెల్లించి తెచ్చుకొనవలెను. ఇక కూలీ తన వంతుగా ఏజెంటుకు చెల్లించిన రొక్కము పొలము తాకట్టు పెట్టియో, వడ్డీకి తెచ్చియో ఇచ్చినది. మొదటి సంవత్సరపు జీతములో చాలభాగము ఆ అప్పునకే పోవును. అట్టివానికి జ్వరము వచ్చినచో మొదట తోచునది ప్రాణభయము కాదు. ఉద్యోగము పోవునేమో, పంపివేయుదురేమో, అప్పు ఎవరు తీర్తురు అను భయము. అందువలననే పనికి పోవుటకు ఒంట్లో బాగుగా లేకున్నను నోరు మెదపనివారు పలువురు. వారి మౌనమును నిబ్బరమని కొందరు పత్రికలవారు వ్రాసినారు. అప్పులో నున్నవాని మౌనమునకు ఆ పేరు తగదు.

ప్రభుత్వము చేసిన మేలును చెప్పకుండుట న్యాయము కాదు. అప్పటి ప్రధాని లీ సీన్ లూంగ్ ఏప్రిల్ 21వ తేదీన చేసిన ప్రసంగమున, తన పౌరులను చూచుకొన్నట్లే కూలీలను చూచుకొందుమని మాట ఇచ్చినాడు. జీతములు చెల్లింపజేసినారు; మూడు పూటల భోజనము పంపినారు; ఇంటికి మాటలాడుకొనుటకు ఫోను వసతి కల్పించినారు. కోలుకొన్నవారిని ఉంచుటకు ప్రదర్శనశాలలు, ఖాళీ యింటి సముదాయములు, తుదకు విహారనౌకలు కూడ వాడినారు. ‘ఇట్స్ రెయినింగ్ రెయిన్‌కోట్స్’ వంటి స్వచ్ఛంద బృందములలో చేరి అన్నపు పొట్లములు మోసిన పౌరులును, విదేశీ ఉద్యోగులును ఉన్నారు. ఫలితమును ఘనమైనదే. 2020 డిసెంబరులో ప్రభుత్వమే ప్రకటించిన లెక్క ప్రకారము డార్మిటరీలలోని సుమారు 3,23,000 మందిలో 47 శాతమునకు, అనగా ఇంచుమించు సగము మందికి రోగము సోకినది. అయినను ఆ సంవత్సరాంతమునకు దేశమంతట కోవిడ్ వలన మరణించినవారు 29 మంది మాత్రమే. కూలీలు యువకులగుట ఒక కారణము. మంచి వైద్యము మరియొక కారణము. పోల్చి చూచినచో ఇంతకంటె మేలుగా చేసిన దేశములు ఎక్కువ లేవు.

అయినను పంక్తిభేదము పోలేదు. విందులో పప్పు, కూర అందరికిని వడ్డించి, నేతి గిన్నె మాత్రము కొందరి విస్తళ్ల దగ్గరనే ఆగిపోవుటను పెద్దలు మహాపాపమనిరి. ఇచ్చట ఆగిపోయిన నేయి స్వేచ్ఛ. జూన్ మొదలు దేశమున ఆంక్షలు అంచెలంచెలుగా సడలినవి. ఆగస్టు నాటికి డార్మిటరీలలో పరీక్షలు ముగించి కూలీలను పనికి పంపిరి. పనికి మాత్రమే. ఊరిలోనికి పోవుటకు వీలులేదు. అక్టోబరు చివర సెలవుదినమున, ముందుగా అనుమతి పొంది, వారికై నిర్ణయించిన వినోద కేంద్రములకు పోనిచ్చిరి. 2021 సెప్టెంబరులో, ప్రయోగముగా, వారమునకు 500 మందిని, టీకాలు వేయించుకొన్నవారిని మాత్రమే, కొద్ది గంటలపాటు లిటిల్ ఇండియా వంటి చోట్లకు తీసికొనిపోయిరి. అప్పటికి దిగ్బంధమునకు పదునేడు మాసములు. అదే వీధిలో అదే దినములలో ఇతరులు స్వేచ్ఛగా తిరుగుచుండిరి. సాధారణ దినములలో అనుమతి పత్రము లేకయే డార్మిటరీ వాకిలి దాటవచ్చునన్న మాట 2022 జూన్ చివర గాని రాలేదు. ఆదివారములలోను, పండుగలలోను రద్దీ ప్రదేశములకు పోవలెనన్న అప్పటికిని అనుమతి కావలసియే యుండెను. గోడ కట్టినవాడు గోడ దాటుటకు రెండేండ్లకు పైగా పట్టినది.

ఈ వ్యవహారమున ‘ఎక్స్‌పాట్రియేట్’ తెగవారి స్పందన యెట్లుండెనను ప్రశ్న కలదు. కొందరు జాలిపడిరి, కొందరు సాయపడిరి. ఎక్కువమంది ఊపిరి పీల్చుకొన్నారు. “ఈ అంకెలన్నియు డార్మిటరీలవి, బయట భయము లేదు” అని ఇండ్లకు ఫోనులు చేసి చెప్పినారు. హైదరాబాదులో, విజయవాడలో బెంగపడుచున్న తల్లిదండ్రులను ఊరడించుటకు ఆ మాట పనికివచ్చినది. ఆ మాట చెప్పినవాడు క్రూరుడు కాడు. అమ్మ దిగులు తీర్చవలెనని చెప్పినవాడే. కాని ఆ ఊరడింపు ఇంకొక ప్రవాసి రోగము మీద నిలిచినదన్న సంగతి అతనికిని, విన్నవారికిని తోచలేదు. చైనా భాషా పత్రిక ఒకదానిలో, కూలీల అపరిశుభ్రపు అలవాట్లే ఈ వ్యాధికి కారణమని ఒక పాఠకుడు లేఖ వ్రాయగా, దానిని ఖండించినవాడు న్యాయశాఖ మంత్రి షణ్ముగం. సీనియరు దౌత్యవేత్త టామీ కో ఆ డార్మిటరీలను ప్రేలుటకు సిద్ధముగా నున్న బాంబుతో పోల్చి, ధనిక దేశమునకు తగిన తీరు ఇది కాదని నిర్మొగమాటముగా వ్రాసినాడు. సొంత దేశపు తప్పును సొంత పౌరులు చెప్పుట మెచ్చదగినది. కూలీతో సమానముగా పొరుగుదేశము నుండి వచ్చిన ఉద్యోగుల గొంతు అంత గట్టిగా వినబడలేదు. వారికిని పర్మిటు భయమేనని సమాధానము చెప్పవచ్చును. అది నిజమే. ఆ నిజమును వారు ఒప్పుకొనుటకు ఇంకొక సంవత్సరము పట్టినది.

దానికి ముందే ఒక చిన్న సూచన వచ్చినది. 2020 మే మాసమున, లాక్‌డౌన్ ఇంకను ముగియకముందే, రాబర్ట్‌సన్ కీ అను నదీతీరపు వీధిలో కొందరు విదేశీ ఉద్యోగులు గుంపుగా చేరి మద్యము సేవించుచుండిన చిత్రములు వెలువడినవి. జనులు మండిపడిరి. జూన్‌లో న్యాయస్థానము వేలకొలది డాలర్ల జరిమానాలు విధించినది. ప్రభుత్వము పని అనుమతులు రద్దు చేసి, ఆ దేశమున మరల పనిచేయరాదని నిషేధించినది. వారు పాశ్చాత్య దేశములవారు, పెద్ద జీతములవారు. తాము ఆహ్వానితులైన అతిథులమనుకొన్నారు. ఒక్క సాయంకాలముతో తమ పత్రమును చింపివేయదగిన పత్రమేనని తెలిసికొన్నారు.

2021 ఏప్రిల్‌లో భారతదేశమున రెండవ అల లేచినది. ఆసుపత్రులలో మంచములు లేవు, ప్రాణవాయువు లేదు. ఏప్రిల్ 23వ తేదీ అర్ధరాత్రి మొదలు, భారతదేశములో నుండి వచ్చువారు సింగపూరు పని అనుమతి కలవారైనను దేశములోనికి రారాదని ఆ ప్రభుత్వము ఆజ్ఞాపించినది. ఆ ఆజ్ఞ అక్టోబరు చివరి వరకు నడచినది. ఈసారి పద్దు మారినది. కండోమినియములోని తెలుగు ఉద్యోగియు అవతలి పద్దులోనికి పోయినాడు. తండ్రికి ఊపిరి ఆడుట లేదని నెల్లూరు నుండియో, వరంగల్లు నుండియో కబురు వచ్చినచో అతడేమి చేయవలెను? పోయినచో తిరిగి రానీయరు, ఉద్యోగము పోవును, భార్యాబిడ్డలు అచ్చటనే చిక్కుకొందురు. పోకున్నచో తలకొరివి పెట్టు చేయి వేరొకరిది. ఆ వేసవిలో ఎందరో కుమారులు, కుమార్తెలు తల్లిదండ్రుల అంత్యక్రియలను ఫోను తెర మీద చూచినారు. పురోహితుడు చెప్పిన మంత్రము సగము వినబడి, సగము తెగిపోయి, చితి కనుపించునంతలో తెర నిలిచిపోయి, మరల మరల పిలుచుకొన్న ఇండ్లు తెలుగునాట ఎన్నో కలవు.

ఆ దినములలోనే రోగపు క్రొత్త రకమును ‘ఇండియన్ వేరియంట్’ అని పిలుచుట మొదలైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మే 31వ తేదీన గ్రీకు అక్షరముల పేర్లు పెట్టి దానిని ‘డెల్టా’ యని మార్చువరకు ఆ మాట నలిగినది. పేరు మారిన తరువాతను దాని నీడ పోలేదు. భారతదేశముతో సింగపూరు 2005లో చేసికొన్న ‘సేకా’ ఒడంబడిక వలననే భారతీయ ఉద్యోగులు గుంపులుగా వచ్చి పౌరుల ఉద్యోగములు తన్నుకొనిపోవుచున్నారను వాదము బలపడినది. జూలైలోను, సెప్టెంబరులోను పార్లమెంటు దానిపై చర్చింపవలసి వచ్చినది. ఒడంబడిక వలన అట్టి హక్కు ఎవ్వరికిని లేదని మంత్రులు వివరించిరి. పట్టభద్రుడు, పన్ను చెల్లించువాడు, మంచి ఆంగ్లము మాటలాడువాడు ఐన ఉద్యోగికి రైలుపెట్టెలో ప్రక్కవాడు జరిగి కూర్చుండుట ఆనాడు అనుభవమునకు వచ్చినది. ఆ జరిగి కూర్చుండుటను కూలీ ఎన్నడో ఎరుగును.

పౌరసత్వము సంపాదించినచో ఈ బాధ తీరునని ఎవరైనను అనుకొన్నచో ఆస్ట్రేలియా దానికి జవాబు చెప్పినది. 2021 మే 3వ తేదీ నుండి పదునైదవ తేదీ వరకు, భారతదేశము నుండి వచ్చువారు తన సొంత పౌరులైనను అడుగు పెట్టరాదని, పెట్టినచో అయిదేండ్ల కారాగారము, 66,600 ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధింపవచ్చునని ఆ ప్రభుత్వము ప్రకటించినది. ఎవ్వరిని అట్లు శిక్షింపలేదు. కాని మాట వెలువడినది.

తెలుగువారికి ఇది క్రొత్త పాఠము కాదు. సింగపూరునకు సమీపమున సెయింట్ జాన్స్ అను ద్వీపము కలదు. 1874 నుండి అది క్వారంటైన్ కేంద్రము. ఓడలలో దిగిన వలసకూలీలను అంటురోగ భయముతో అచ్చట నిలిపి పరీక్షించి గాని ఊరిలోనికి విడువకుండిరి. బర్మాలో తెలుగువారిని కోరంగి రేవు పేర ‘కోరంగీలు’ అని పిలిచెడివారు. రంగూను రేవులో బరువులు మోసినది ఎక్కువగా వారే. 1930 మే మాసమున అచ్చటి అల్లర్లలో దెబ్బతిన్నదియు వారే. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసిన తరువాత లక్షలమంది భారతీయులు అరకాన్ కనుమల మీదుగా, అస్సాము అడవుల మీదుగా కాలినడకన వచ్చినారు. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి అని అప్పుడును పంక్తిభేదము చేసిరని ఫిర్యాదులు వెలువడినవి. ఇండ్లలో ముసలివారు చెప్పుకొన్న రంగూను కథలలో ఈ నడకయే ప్రధానము. కాని ఆ నడకను నడచినవారు స్వయముగా వ్రాసి ఉంచిన తెలుగు పుటలు ఎన్ని దొరకును? మిక్కిలి అరుదు.

సాహిత్యపుటలు చదువువారు ఆలోచింపవలసినది ఇచ్చటనే. 2020 నాటి అనుభవమును సింగపూరులోని బంగ్లాదేశ్ కూలీలు వ్రాసి ఉంచినారు. అచ్చట 2014 నుండి వలసకూలీల కవితల పోటీ జరుగుచు వచ్చినది. పగలు కట్టడము మీద పనిచేసి, రాత్రి మంచము మీద బోర్లపరుండి ఫోనులో వ్రాసినవారు కవులుగా గుర్తింపు పొందిరి. మహమ్మద్ షరీఫ్ ఉద్దీన్ అను కూలీ కోవిడ్ కాలపు దినచర్యను ‘స్ట్రేంజర్ టు మై వరల్డ్’ అను గ్రంథముగా 2021లో వెలువరించినాడు. ఆ పోటీలో బహుమతి నందిన జాకిర్ హుసేన్ ఖోకన్ కథ వేరు. అతడు పంతొమ్మిదేండ్లు సింగపూరులో పనిచేసినాడు. 2021 అక్టోబరులో ఒక డార్మిటరీలో జరిగిన గలభాను గురించి తీవ్రముగా వ్రాసినాడు. కూలీలను బానిసలన్నాడు, వసతులను శిబిరములన్నాడు. 2022లో అతని పర్మిటును ప్రభుత్వము పునరుద్ధరింపలేదు. ఆ వ్రాత అసత్యమును, రెచ్చగొట్టునదియు అని మంత్రిత్వశాఖ సమాధానము చెప్పినది. అతని మాటలు మితిమీరినవని అనువారు అనవచ్చును. కాని కండోమినియము నుండి లాక్‌డౌన్ మీద విసుగు వెళ్లగ్రక్కిన ఎందరికో వ్రాత వలన పర్మిటుకు ముప్పు రాలేదు. ఒకని వ్రాత అభిప్రాయము. మరియొకని వ్రాత అపరాధము.

తెలుగున ప్రవాస సాహిత్యము తక్కువ లేదు. అమెరికా నుండి, ఆస్ట్రేలియా నుండి, సింగపూరు నుండి కథలు వచ్చుచున్నవి. ఆ కథలలో మంచివి కలవు. మంచులో చిక్కిన సంక్రాంతి, మనుమడు తెలుగు మరచుట, ఫోనులో ముసలితల్లి — ఇవి పలుమారు వ్రాయబడినవి. లాక్‌డౌన్ మీదను వ్రాయబడినవి. వ్రాసినవారిలో ఇంజనీర్లు, వైద్యులు, వారి భార్యలు, తల్లిదండ్రులు ఉన్నారు. తెలుగు దేశము నుండి ప్రవాసము పోయినవారిలో వీరు ఒక భాగము మాత్రమే. రాయచోటి, రాజంపేట ప్రాంతముల నుండి, గోదావరి జిల్లాల నుండి కువైట్‌లో ఇంటిపనికి పోయిన స్త్రీలు వేలకొలది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతముల నుండి దుబాయి మొదలగు చోట్లకు పోయిన కూలీలు లక్షల మీద. వారి 2020వ సంవత్సరము ఏ పుస్తకమున కలదు?

కువైట్ సంగతియే చూడుడు. 2020 మార్చి 22న కర్ఫ్యూ విధించినారు. ఏప్రిల్ 6న విదేశీ కూలీలు క్రిక్కిరిసి నివసించు జలీబ్, మహబూలా అను రెండు ప్రాంతములను చుట్టుగట్టినారు. సరిగా అదే మాసమున, అనుమతి గడువు మీరి ఉన్నవారు జరిమానా లేకుండ స్వదేశము పోవచ్చునని ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినది. పాస్‌పోర్టు యజమాని వద్ద విడిచి పారిపోయి దొంగచాటుగా బ్రతుకుచున్న ఆడవారికి అది దేవుడిచ్చిన వరము. వేలమంది పేర్లు వ్రాయించుకొని శిబిరములలో చేరిరి. కాని భారతదేశమున విమానములు నిలిచిపోయి యుండెను. వెనుక వాకిలి మూతబడినది, ముందరి వాకిలి తెరవలేదు. వారములకొలది ఎదురుచూచిన తరువాత, మే మాసమున కొన్ని విమానములు గన్నవరము చేరినవి. ఆ మే 10 నుండి 30 వరకు కువైట్‌లో సంపూర్ణ కర్ఫ్యూ నడచినది. జూన్‌లో ఆ దేశ ప్రధాని, జనాభాలో 70 శాతముగా నున్న విదేశీయులు 30 శాతమునకు తగ్గవలెనని ప్రకటించినాడు. ఇంతకు రెండు మాసముల ముందు పేరుమోసిన నటి యొకతె రోగులైన విదేశీయులను ఎడారిలో వదలివేయవలెనన్న అర్థము వచ్చునట్లు టెలివిజనులో మాటలాడినది. తన యజమానురాలి ఇంట ఆ టెలివిజను ముందే గిన్నెలు తోముచు ఆ మాట విన్న తెలుగు స్త్రీ ఉండియే యుండును. ఆమె కేమి తోచినదో ఎవ్వరును అడుగలేదు.

అడుగుట కష్టమును కాదు. ఆ ప్రాంతముల బడులలో అమ్మ కువైట్‌లోను, నాయన దుబాయిలోను ఉండగా అమ్మమ్మ దగ్గర పెరుగుచున్న పిల్లలు ప్రతి తరగతిలోను కొందరుందురు. కోవిడ్ నాడు ఇల్లు చేరినవారు ఊరిలోనే ఉన్నారు. కొందరు మరల పోయినారు. సెలవులలో ‘నేను చూచిన జాతర’ అని వ్యాసము వ్రాయించు తెలుగు ఉపాధ్యాయుడు, ‘2020లో మా అమ్మ కువైట్‌లో’ అని వ్రాయింపవచ్చును. పిల్లవాడు అమ్మను అడుగవలెను, ఆమె చెప్పిన మాటలను ఆమె యాసలోనే వ్రాయవలెను, తేదీ వేయవలెను. వంద బడులలో ఇట్లు జరిగినచో తెలుగు ప్రవాస చరిత్రలో లేని ప్రకరణము తయారగును. ఇది ప్రభుత్వము చేయునది కాదు, విశ్వవిద్యాలయము చేయునది అంతకంటెను కాదు.

ఆలస్యము చేయుటకు వీలులేని కారణమొకటి కలదు. పూర్వము రంగూను నుండి వచ్చిన కార్డు ముక్క అటక మీది ట్రంకుపెట్టెలో పడి ఎన్ని యేండ్లయినను ఉండెడిది. 2020 నాటి ఉత్తరములు కాగితము మీద లేవు. అక్షరము రాని తల్లి కువైట్ గది మూల నుండి, దుప్పటి ముసుగులో, యజమానికి వినబడకుండ, బిడ్డకు గొంతు పంపినది. “బాగున్నాను, భోజనము పెట్టుచున్నారు, నీవు బయటకు పోవద్దు” అని. బిడ్డయు బాగున్నానని జవాబు పంపినాడు. అమ్మమ్మకు జ్వరమని చెప్పలేదు. ఆ పలుకులన్నియు ఫోనులలో ఉన్నవి. ఆ ఫోనులలో కొన్నింటి అద్దములు పగిలినవి. కొన్ని క్రొత్త ఫోనునకు మారకముగా సంత దుకాణములకు పోయినవి. దుకాణమువాడు వానిని శుభ్రముగా తుడిచి, వేరొకరికి అమ్ముచున్నాడు.